ఉప్పుటేరు దాటిన పూచీ

మా మావగారికి తన చెరువు ఏ జిల్లాలో ఉందో తెలుసు. ముందుగా ఈ మాట రాసేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది.

ఇరవై ఏళ్ళుగా మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా, భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఆయన్ని చూపించి "సొంత చెరువు ఏ జిల్లాలో ఉందో తెలియని పెద్దమనిషి" అని నవ్వుతారు. ఆయనా నవ్వుతారు. ఆ కథని అందరికంటే బాగా చెప్పేవాణ్ణి నేనే. కోర్టు గుమాస్తాలా ఒకసారి, మేజిస్ట్రేటుగారిలా ఒకసారి, మా మావగారిలా ఒకసారి గొంతు మార్చి, పప్పన్నం దగ్గర మొదలుపెట్టి పెరుగన్నం వచ్చేసరికి పంక్తి మొత్తాన్ని పొట్టలు పట్టుకునేలా చేసేవాణ్ణి. ఆ కథలో ఒక ముక్కని మాత్రం నేను ఎప్పుడూ చెప్పలేదు. అదే ఇక్కడ చెప్పబోతున్నాను.

అలాగని ఇది ఏడుపు కథ కాదు. నా బతుకులో ఆ ఏడాదంత హాయిగా గడిచిన ఏడాది మళ్ళీ రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమిషన్ కొట్లో పనిచేసేవాణ్ణి. కర్నూలు వైపు నుంచి వచ్చే లారీల దగ్గర నిలబడి సరుకు దింపించుకోవడం నా పని. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు. లారీల వాళ్ళతో పరిచయం పెరిగి గంజాయి అలవాటైంది. మొదట సరదాకి, తర్వాత సాయంత్రం అయితే చాలు అదే ధ్యాస. మార్కెట్ వెనక ఒక గది అద్దెకి తీసుకుని ముగ్గురం చేరేవాళ్ళం. మా ఆవిడ అడిగితే ఉల్లిపాయల ఘాటుకి కళ్ళు ఎర్రబడ్డాయని చెప్పేవాణ్ణి. ఆ మార్కెట్లో పనిచేసేవాడికి అంతకంటే మంచి సాకు దొరకదు.

ఒక సాయంత్రం ఎక్సైజు వాళ్ళు తలుపు కొట్టారు. కానిస్టేబుల్ మా ఊరి పద్ధతి మనిషే. "ఏవండీ, కాస్త చెప్పులేసుకుని జీపెక్కుతారా అండీ" అన్నాడు. అరెస్టు చేస్తున్నారని నాకు జీపు కదిలాకగానీ అర్థం కాలేదు.

మా దగ్గర దొరికింది మేము తాగడానికి పెట్టుకున్నదే, అమ్మడానికి కాదు. అందుకని తాగినందుకు మాత్రమే కేసు పెట్టారు. ఏలూరులో మాకు కుదిరిన లాయరు మా ఆవిడని కూర్చోబెట్టి విషయం చెప్పాడు. "చూడమ్మా, తప్పు ఒప్పుకోక తప్పదు. కానీ ఇది మొదటిసారి. ఇలాంటివాళ్ళకి జైలు బదులు ఇంకో దారి ఉంది. ఆసుపత్రిలో వైద్యం చేయించుకుంటూ, ప్రొబేషన్ ఆఫీసరు కనుసన్నల్లో ఒక ఏడాది బుద్ధిగా ఉంటానని కోర్టుకి రాసివ్వాలి. మాట తప్పితే మాత్రం ఆపిన శిక్ష మళ్ళీ మీద పడుతుంది. దీనికి పరువున్న మనిషి ఒకరు పూచీ పడాలి." మాతో పట్టుబడ్డ మూడోవాడికి అది మొదటిసారి కాదు. అతనికి ఆ దారి లేకపోయింది. లోపలికి వెళ్ళాడు. మా ఇద్దరికీ అతనికీ తేడా అంతే. నేను అతని కంటే మంచివాణ్ణని ఎవరూ అనుకోనక్కర్లేదు.

మా నాన్న కోర్టు గుమ్మం తొక్కనన్నారు. ఆ కోపం న్యాయమైనదే. అప్పుడు మా ఆవిడ ఆకివీడు పక్కన ఉన్న పుట్టింటికి ఫోను చేసింది.

మర్నాడు మా మావగారు ఏలూరు కోర్టు వరండాలోకి చలవ పంచె కట్టుకుని, చేతిలో చక్రకేళీ అరటిపళ్ళ అత్తంతో వచ్చారు. లాయరు బిత్తరపోయాడు.

"ఇవెందుకండీ?"

"అల్లుణ్ణి చూడ్డానికి ఉత్తి చేతులతో ఎలా వస్తానండీ?" అన్నారు ఆయన. అని నా వైపు తిరిగి, పెళ్ళిలో పలకరించినట్టే, "కులాసానా అల్లుడుగారూ?" అని అడిగారు. అటూ ఇటూ పోలీసులు ఉండగా "కులాసాయేనండి" అని చెప్పాను. ఇంకేం చెప్పను?

మేజిస్ట్రేటుగారు తప్పు నిర్ధారించి, శిక్ష వేయకుండా ఆపి, గుమాస్తా చేత షరతులు చదివించారు. నేను ఏలూరు పెద్దాసుపత్రిలో చికిత్సకి వెళ్ళాలి. నెలనెలా ప్రొబేషన్ ఆఫీసరు ముందు హాజరు కావాలి. మళ్ళీ గంజాయి ముట్టకూడదు, పాత స్నేహాల్లో తిరగకూడదు. ఏడాది పాటు కోర్టు అనుమతి లేకుండా పశ్చిమ గోదావరి జిల్లా దాటి వెళ్ళకూడదు. మా మావగారు నా వెనకే నిలబడి ఉన్నారుగానీ ఆయన ధ్యాస అరటిపళ్ళ మీద ఉంది. కింద పెడితే ఎవరైనా తొక్కుతారని, పట్టుకుంటే మర్యాద కాదేమోనని సతమతమవుతున్నారు. దానికి తోడు పైన ఫాను లారీలా మోగుతోంది. సంతకం పెట్టమంటే పెట్టారు.

బయటికొచ్చాక వరండాలో అడిగారు. "ఏవేం షరతులు పెట్టారండీ అల్లుడుగారూ? ఆ ఫాను చప్పుడుకి సగం వినబళ్ళేదు."

ఆసుపత్రి సంగతి చెప్పాను. ఆఫీసరు సంగతి, పాత స్నేహాల సంగతి చెప్పాను. జిల్లా సంగతి చెప్పలేదు.

మర్చిపోయి కాదు. మా మావగారి ఇల్లు పశ్చిమ గోదావరిలో ఉంది. ఆయన చేపల చెరువు ఉప్పుటేరు వంతెన అవతల, కలిదిండి వైపు, కృష్ణా జిల్లాలో ఉంది. పాత స్నేహాలకి దూరంగా, నన్నూ మా ఆవిడనీ ఆ ఏడాదంతా తన దగ్గరే ఉంచుకుంటానన్నారు ఆయన. నన్ను ఇంట్లో కూర్చోబెడితే, వచ్చేపోయే ప్రతి చుట్టమూ "అల్లుడుగారు ఇన్నాళ్ళున్నారేంటండీ?" అని అడుగుతారు. చెరువు గట్టు మీద మకాం పాకలో ఉంటే అడిగేవాడే ఉండడు. నాలుగో షరతు చెప్తే ఆయన నన్ను వంతెన దాటనివ్వరు. అందుకని మింగేశాను. పూచీ పడి పది నిమిషాలు కాకముందే, పూచీ పడ్డ మనిషినే మోసం చేశాను.

అనుకున్నట్టే అయింది. ఆ వారంలోనే నన్ను చెరువు దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడివాళ్ళకి వంతెన దాటడమంటే మన వీధిలో ఇటు నుంచి అటు దాటడం లాంటిదే. ఇటు ఇల్లు, అటు చెరువు. ఇటు వంట, అటు చేప. మధ్యలో జిల్లా బోర్డు ఒకటి ఉంటుంది, దాని మీద కాకి వాలుతుంది.

అక్కడ ఒక కొత్త చిక్కొచ్చింది. మా వైపు అల్లుడికి పని చెప్పరు. నీళ్ళు కావాలంటే తెచ్చి ఇస్తారు, పడుకుంటే విసనకర్రతో విసురుతారు, పని మాత్రం చెప్పరు. ఏలూరు డాక్టరుగారేమో నాకు ఒళ్ళు అలిసే పని పెట్టాలని, ఖాళీగా కూర్చోనివ్వొద్దని గట్టిగా చెప్పారు. మా మావగారు ఈ రెండు ధర్మాల మధ్యన ఇరుక్కుపోయారు. చివరికి చెరువు దగ్గర కాపలా ఉండే మనిషిని అడ్డం పెట్టుకున్నారు. మా మావగారి వయసువాడే, ఆయన దగ్గర చాలా కాలంగా ఉన్నవాడు.

మేతకి తౌడూ వేరుశెనగ చెక్కా కలిపి, కన్నాలు పెట్టిన సంచుల్లో నింపి, నీళ్ళల్లో పాతిన వెదురు గడలకి కడతారు. చేపలొచ్చి ఆ కన్నాల దగ్గర మూతులు పెట్టి తింటాయి. తాటిదోనెలో వెళ్ళి ఆ సంచులు మార్చాలి. మా మావగారు దోనెకి ఒక చివర కూర్చునేవారు, నేను రెండో చివర, కాపలా మనిషి మధ్యలో.

"గడ గట్టిగా పట్టుకోమని అల్లుడుగారితో చెప్పు," అనేవారు మా మావగారు నీళ్ళ వైపు చూస్తూ.

"గడ గట్టిగా పట్టుకోమంటున్నారండి," అనేవాడు కాపలా మనిషి నాతో.

"పట్టుకున్నానని చెప్పు."

"పట్టుకున్నారంటండి. కానీ నేను చూస్తన్నాను, పట్టుకోలేదండి."

ఆ దోనెలో నేను ఎన్నిసార్లు నీళ్ళల్లో పడ్డానో లెక్కలేదు. పడ్డ ప్రతిసారీ మా మావగారు "అయ్యయ్యో అల్లుడుగారూ" అని చెయ్యి అందించి పైకి లాగి, అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వేవారు. కాపలా మనిషి ఎదురుగానే నవ్వేవాడు. "ఆయ్, చేపలు కూడా చూశాయండి," అనేవాడు.

మొదటి వారాలు తేలిక కాదు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నం చూస్తే వెగటు. సాయంత్రం అయ్యేసరికి కాళ్ళూ చేతులూ ఎటో పోదామన్నట్టు లాగేవి. తాడేపల్లిగూడెంలో ఉండుంటే ఆ గదికే పోయేవాణ్ణి. ఇక్కడ పోవడానికి గట్టూ నీళ్ళూ తప్ప ఏమీ లేవు. నాకు పక్షుల పని అప్పగించారు. సాయంత్రాలు నీటికాకులు గుంపులుగా వాలి చిన్న చేపల్ని ఎత్తుకుపోయేవి. ఖాళీ నూనె డబ్బా ఒకటి మెళ్ళో వేసుకుని, కర్రతో కొడుతూ గట్టు పొడవునా పరిగెత్తాలి. గంజాయి కోసం ఒళ్ళు లాగే వేళకే అవీ వచ్చేవి. నా కసినంతా ఆ డబ్బా మీద తీర్చుకునేవాణ్ణి. పక్క చెరువులవాళ్ళు "మీ అల్లుడుగారు డబ్బా భలే కొడతారండీ, మా చెరువు మీద పిట్ట కూడా లేచిపోతంది" అని మా మావగారితో అనేవారట. ఆయనకి గర్వం. అల్లుడు ఏదో ఒకదాంట్లో పనికొచ్చాడు కదా.

తర్వాత ఆకలి మొదలైంది. దాన్ని గురించి వేరే పుస్తకం రాయొచ్చు. మా అత్తగారు మకాంకి కారియర్ పంపేవారు. నాతో నేరుగా మాట్లాడేవారు కారుగానీ, ఆవిడ చెప్పదలచుకున్నదంతా ఆ కారియర్లో ఉండేది. పులుసు బాగుందని అంటే మర్నాడు రెట్టింపు వచ్చేది. ఒక గిన్నె ఖాళీ కాకుండా తిరిగి వెళ్ళిందంటే "అల్లుడుగారికి ఒంట్లో బాగుందా?" అని కబురు వచ్చేది. నెల తిరిగేసరికి నా చొక్కాలు పట్టడం మానేశాయి.

నెలకోసారి ఏలూరు వెళ్ళేవాణ్ణి. ఆసుపత్రిలో డాక్టరుగారిని చూసి, ప్రొబేషన్ ఆఫీసరు దగ్గర హాజరు పలికేవాణ్ణి. ఆవిడ నడివయసు మనిషి, ఎండకీ వానకీ ఒకటే గొడుగు. "నిద్ర పడుతోందాండీ? తింటున్నారా?" అని అడిగి, నేను చెప్పేది చివరిదాకా వినేవారు. ఇక చేపలు మొదలుపెట్టేవాణ్ణి. శీలావతి ఎలా తింటుంది, బొచ్చె ఎలా తింటుంది, మబ్బుపట్టిన రోజున మేత ఎందుకు తగ్గించాలి. "మావగారి చెరువు" అనేవాణ్ణేగానీ ఎక్కడుందో ఎప్పుడూ చెప్పలేదు. ఆకివీడు దగ్గరే అనుకున్నారు ఆవిడ. అలా అనుకోనిచ్చాను.

ఒకసారి ఏలూరు బస్టాండులో పాత లారీ స్నేహితుడు కనబడ్డాడు. దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక్కటి, రా, కాలవ గట్టు మీదకి పోదాం." నిజం చెప్తున్నాను, నా కాలు అటు కదలబోయింది. అంతలో అతనే ముక్కు చిట్లించి వెనక్కి తగ్గాడు. "ఏంట్రా బాబూ ఈ నీచు కంపు? స్నానం చేయట్లేదా?" ఆ పొద్దున వల పని చేసి అలాగే వచ్చేశాను. నాకు పట్టలేనంత నవ్వొచ్చింది. నేను నవ్వుతూ ఉండగానే నా బస్సు వచ్చింది. ఎక్కేశాను. నా మనసు గట్టిదని ఎవరైనా మెచ్చుకోబోతే ఈ సంగతి చెప్తాను.

అలా గడిచిపోతుండగా ఒక మధ్యాహ్నం ప్రొబేషన్ ఆఫీసరు చెప్పకుండా మా మావగారింటికి వచ్చారు. వాళ్ళు అలా ఇంటికొచ్చి చూడాలి, అది వాళ్ళ ఉద్యోగంలో భాగం. గొడుగు ముడుచుకుంటూ గుమ్మంలో నిలబడి నా పేరు చెప్పి అడిగితే, మా అత్తగారు నా వైపు చుట్టమనుకున్నారు. పీట వేసి, కాళ్ళకి నీళ్ళిచ్చి, భోజనానికి లేవమన్నారు. ఆవిడ వద్దంటారు, ఈవిడ ఆకు వేస్తారు. చివరికి మజ్జిగ దగ్గర రాజీ కుదిరింది. "అల్లుడుగారు ఇంట్లో ఒక్క క్షణం ఉండరండీ, పొద్దస్తమానం చెరువు దగ్గరే. బంగారంలాంటి మనిషి," అని చెప్పి, పక్కింటి ఆటో అతన్ని పిలిచి చెరువు చూపించుకురమ్మన్నారు.

వంతెన ఇవతలే ఆవిడ ఆటో ఆపించారట. తర్వాత అతనే చెప్పాడు.

"చెరువు ఇంకా ముందుకండి, అవతల."

"అవతలంటే కృష్ణా జిల్లా కదండీ?"

"ఆయ్, అవునండి. మేమలా అనుకోమండి."

ఆవిడ దిగి బడ్డీకొట్టు నీడలో నిలబడి, మమ్మల్ని పిలుచుకురమ్మని అతన్ని పంపారు. "ఏలూరు మేడంగారు వంతెన దగ్గర ఆగిపోయారండి. దాటనంటన్నారు," అన్నాడు అతను చెరువు గట్టు మీద నిలబడి. నాకు విషయం అర్థమైపోయింది. చేతిలో మేత సంచి జారి నీళ్ళల్లో పడింది.

మా మావగారు మాత్రం, "పాపం, వంతెనంటే భయమేమో" అన్నారు. ఆడమనిషి అంత దూరం నుంచి వచ్చింది కదా అని మంచి బొచ్చెని ఒకటి పట్టించి, తడి గోనెలో చుట్టి, నా మోపెడ్ వెనక ఎక్కి కూర్చున్నారు. దారంతా ఆ చేప నా వీపు మీద తోకతో కొడుతూనే ఉంది.

"రండమ్మా, చెరువు చూద్దురుగాని. ఆ తాడిచెట్ల వెనకాలే," అన్నారు మా మావగారు వంతెన దిగుతూనే.

"నేను అటు రాకూడదండి, నా డ్యూటీ ఈ జిల్లా వరకే," అన్నారు ఆవిడ. "ఈయనా అటు వెళ్ళకూడదు."

"ఎందుకండీ?"

ఆవిడ బోర్డు వైపు గొడుగు చూపించారు. మా మావగారు దాన్ని అక్షరం అక్షరం చదివారు. చిన్నప్పటి నుంచీ దాని కింద నుంచి వెళ్తున్న మనిషి.

"ఏడాది పాటు జిల్లా దాటకూడదని కోర్టులో చదివారు కదండీ? మీరు పక్కనే ఉన్నారు."

మా మావగారు నా మొహంలోకి చూశారు. నేను తల దించుకున్నాను. గోనెలో చేప ఒకటి రెండుసార్లు కొట్టుకుంది. ఆయన మళ్ళీ ఆవిడ వైపు తిరిగారు.

"చదివారండి. నాకే బుర్రకెక్కలేదు. ఇల్లు ఇటూ చెరువు అటూ అయ్యేసరికి వేరే జిల్లా అని అనిపించదండి మాకు. ఆయన రానంటే నేనే లాక్కెళ్ళాను. తప్పు నాది."

"చిన్న సంగతి కాదండీ ఇది. నేను కోర్టుకి తెలియజేయాలి. శిక్ష పడినా పడొచ్చు."

"తెలియజేయండమ్మా. నేను చేశానని చెప్పండి."

నేను నోరు విప్పలేదు. విప్పాల్సిన సమయం అదే. చేప కూడా ఆవిడ తీసుకోలేదు, డ్యూటీలో ఉన్నానన్నారు. ఆటో కనుమరుగయ్యాక మా మావగారు మోపెడ్ హ్యాండిల్ నా చేతుల్లోంచి లాక్కున్నారు.

"మావయ్యగారూ, నేను..."

"నోరు మూసుకుని వెనకెక్కరా."

మధ్యలో కాపలా మనిషి లేకుండా ఆయన నాకు చెప్పిన మొదటి పని అది. ఎక్కాను.

కోర్టు పిలిచేదాకా ఇంట్లోనే ఉన్నాను. చుట్టాలొచ్చారు, అడిగారు, మా ఆవిడ ఏదో ఒకటి చెప్పింది. నేను భయపడ్డంత ఘోరమేమీ జరగలేదు. ఘోరమల్లా సాయంత్రాలే. నీటికాకులు వాలే వేళకి వీధరుగు మీద కూర్చుని, డబ్బా ఎవరు కొడుతున్నారో అనుకునేవాణ్ణి. జైలుకెళ్తే చెరువు ఉండదు, దోనె ఉండదు, కారియర్ ఉండదు. దాక్కోవడానికి వెళ్ళిన చోటు ఎప్పుడు నాదైపోయిందో నాకే తెలియలేదు.

కోర్టులో మా మావగారు బోనులో నిలబడ్డారు. ఆ సారి అరటిపళ్ళు లేవు.

"ఏవండీ పెద్దాయనా, మీ చెరువు ఏ జిల్లాలో ఉంది?" అని అడిగారు మేజిస్ట్రేటుగారు.

"కృష్ణా జిల్లాలోనండి. పన్ను అక్కడే కడతానండి."

"మరి తెలీదన్నారటగా?"

"పన్ను కట్టేటప్పుడు గుర్తుంటుందండి. మేత వేసేటప్పుడు గుర్తుండదండి."

కోర్టు హాలు గొల్లుమంది. గుమాస్తా నవ్వాడు, పోలీసులు నవ్వారు, మేజిస్ట్రేటుగారు తల పక్కకి తిప్పుకున్నారు. డాక్టరుగారు నా గురించి మంచిగానే రాసి పంపారు. ప్రొబేషన్ ఆఫీసరు లేచి, "ఈయన పారిపోవడానికి జిల్లా దాటలేదండి, పనికి దాటారు. ఆ పని మానిపిస్తే మళ్ళీ మొదటికొస్తారని నా భయం," అన్నారు. చివరికి, ఒక పూట హోటలు భోజనం పాటి జరిమానా వేసి, షరతు మార్చారు. పగలు చెరువు దగ్గర పని చేసుకోవచ్చు, పొద్దు గూకేలోగా వంతెన దాటి ఇంటికి చేరాలి. తప్పు నిర్లక్ష్యంది కాబట్టి సరిపోయింది. దాచడం వల్ల జరిగిందని తెలిస్తే ఏమయ్యేదో లాయరు నాకు బయట చెప్పాడు. అతనికీ అసలు సంగతి తెలియదు.

మిగిలిన నెలలు పండగలా గడిచాయి. వంతెన దగ్గర నా మీద కోపం వచ్చాక మా మావగారికి మర్యాద పట్టింపు పోయింది. "ఒరేయ్, అది కాదు, ఇటు" అని దోనెలో నేరుగా అరిచేవారు. కాపలా మనిషి తన ఉద్యోగం పోయిందని వాపోయేవాడు. దానికి బదులుగా కొత్త ఉద్యోగం వెతుక్కున్నాడు. పొద్దు వాలుతుంటే గట్టు మీద నుంచి కేక వేసేవాడు, "అల్లుడుగారూ, జిల్లా టైమైందండీ!" పక్క చెరువులవాళ్ళు ఆ కేకకే పని కట్టేసేవారు.

ఆ వేసవిలో చేపల పట్టుబడి జరిగింది. చెరువుకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వల సాచి, పీకల్లోతు నీళ్ళల్లో మనుషులు వరసగా నిలబడి లాగుతారు. నన్నూ వరసలో నిలబెట్టారు. వల దగ్గరయ్యేకొద్దీ నీళ్ళు ఉడికినట్టు కదిలాయి. తర్వాత చేపలు ఎగరడం మొదలుపెట్టాయి. ఒకటి నా చెంప మీద కొట్టింది, ఇంకొకటి మా మావగారి తలపాగా ఎగరగొట్టింది. ఆయన ఆ నీళ్ళల్లో నిలబడి బిగ్గరగా నవ్వుతుంటే నేనూ నవ్వాను. నేను మేత వేసిన చేపలు అవి. ట్రేలల్లో ఐసు మధ్య సర్ది, లారీకి ఎత్తుతుంటే, ఉల్లిపాయల లారీల దగ్గర ఇన్నేళ్ళు నిలబడి ఒక్కనాడూ ఇలా అనిపించలేదేమిటా అనుకున్నాను.

ఏడాది పూర్తయిన రోజున కోర్టులో నా పని చాలా తొందరగా అయిపోయింది. రిపోర్టులు చూశారు, ఇక వెళ్ళొచ్చన్నారు. శిక్ష లేదు. బస్టాండులో తాడేపల్లిగూడెం బస్సూ ఉంది, ఆకివీడు బస్సూ ఉంది. మా మావగారు అటు తిరిగి సోడా తాగుతూ నిలబడ్డారు. నేను ఆకివీడు బస్సెక్కి ఆయనకి కిటికీ పక్కన చోటు పట్టాను.

బస్సు ఊరు దాటాక చెప్పాను. "మావయ్యగారూ, ఆ షరతు నేను విన్నాను. మీకు కావాలనే చెప్పలేదు."

"తెలుసు."

"ఎప్పుడు?"

"వంతెన దగ్గర నీ మొహం చూసినప్పుడు."

"మరి ఎందుకు మీ మీద వేసుకున్నారు?"

"నువ్వు దాచావంటే నిన్ను లోపలేస్తారు. ముసలాడు మర్చిపోయాడంటే నవ్వి వదిలేస్తారు. నవ్వితే ఏం పోయిందిరా నాకు?" అని కిటికీ వైపు తిరిగి, కాసేపటికి గురక పెట్టారు.

అక్కడితో నేను బాగుపడ్డాను. అక్కడితో కథ అయిపోతే నాకు ఇది రాసే పనుండేది కాదు. కోర్టులో నవ్విన నవ్వు ఆకివీడు చేరింది, అక్కడి నుంచి బంధువుల ఇళ్ళకి పాకింది. మొదట ఎవరైనా ఆ కథ ఎత్తితే నాకు ముచ్చెమటలు పట్టేవి. ఎవరైనా ఒక ప్రశ్న ఎక్కువ అడిగితే నిజం బయటపడుతుంది. అందుకని నేనే చెప్పడం మొదలుపెట్టాను. నేను చెప్తే నాకు కావలసినట్టు నడుస్తుంది, ఎవరూ ఏదీ అడగరు. బాగా చెప్పాను కూడా. ఏటేటా మెరుగుపెట్టాను. చెరువులో నాకు వాటా ఇచ్చిన మనిషిని, ఆయన ఎదుటే, ఆయన తింటున్న పంక్తిలోనే మొద్దుగా చేసి నవ్వించాను. మా ఆవిడకి కూడా అసలు సంగతి చెప్పలేదు.

ఈమధ్య జిల్లాలు మార్చినప్పుడు ఆ కథకి మళ్ళీ ఊపిరొచ్చింది. కలిదిండి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. ఆకివీడేమో పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. ఇల్లూ చెరువూ మళ్ళీ చెరో జిల్లాలోనే. తాడేపల్లిగూడెంలో మా బంధువులమ్మాయి ఓణీల ఫంక్షనుకి వెళ్తే, భోజనాల దగ్గర కొత్తగా పెళ్ళయిన అల్లుడొకడు, "తాతగారూ, ఇప్పుడైనా తెలుసాండీ మీ చెరువు ఏ జిల్లానో?" అని అడిగాడు. పంక్తంతా నా వైపు తిరిగింది, నేను మొదలుపెడతానని. ఆయన కూడా తిరిగారు. అప్పుడు చూశాను. ముద్ద చేతిలో పట్టుకుని, నవ్వడానికి ముందే సిద్ధంగా మొహం పెట్టుకుని ఉన్నారు. ఎనభై దాటిన మనిషి.

"ఆయనకి తెలుసు," అన్నాను. "చెప్పనిది నేను." అని మొత్తం చెప్పాను. గొంతులు మార్చలేదు. చెప్పడం కూడా సరిగ్గా రాలేదు, తడబడ్డాను.

ముందు అందరూ నవ్వారు, ఇది కథకి కొత్త మలుపనుకుని. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. సాంబారు గరిటె గిన్నెలో పడేసింది.

"మీరు దాచినదానికా ఇరవై ఏళ్ళు మా నాన్నని నవ్వులపాలు చేశారు?"

ఇక నవ్వనక్కర్లేదని తెలిసి మా మావగారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు, నమిలారు, మంచినీళ్ళు తాగారు.

"ఊరుకోవే," అన్నారు కూతురితో. "వాడు లోపలికెళ్ళలేదు కదా."

"నోటితో చెప్తే చాలదు," అంది మా ఆవిడ నాతో. "ఊరూరా మీరే చెప్పారు. ఇది కూడా ఊరూరా తెలియాలి. రాయండి."

ఆవిడ ఇంకా పూర్తిగా మాట్లాడ్డం లేదు. మా మావగారు మాత్రం పొద్దున్నే ఫోను చేశారు. మబ్బు పట్టిందిట, మేత తగ్గించమన్నారు.